దంతపు పిడి మీద పసుపు

ఆదివారం, సెప్టెంబరు 7, 2025. సల్వా

నీకంటే ఖరీదైన వస్తువును నీ చేతిలో పెట్టి, ఎట్లుందో చెప్పమని నిన్ను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. నన్ను ఈ రోజు అడిగారు.

పధ్నాలుగేళ్లుగా ఈ అరబ్బుల ఇంటి బండి తోలుతున్నాను. ఇన్నేళ్లలో బాబా, అంటే మా యజమాని, నన్ను అడిగినవి మూడే మాటలు. బండి ఎక్కడ, పెట్రోలు ఉందా, ఎందుకు ఆలస్యం. పక్క వీధిలో దొంగలు పడ్డారని పోయిన వారం నుంచి ఆయన భార్య, మేం మామా అంటాం, పోరు పెట్టింది, ఇంట్లో ఒక పిస్తోలు ఉండాలని. బాబా సైన్యంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. లైసెన్సు కాగితాలున్నాయి. అతిథులు కూర్చునే దివానియా గదిలో అద్దాల అల్మారా నిండా పాత పిస్తోళ్ళు పదకొండు ఉన్నాయి. అయినా ఇంటి రక్షణకు మంచిది ఇంకొకటి కావాలట. పాత పేట షర్క్‌లో ఒక పెద్దాయన తన సేకరణ అమ్ముకుంటున్నాడని తెలిసి బయల్దేరాం. పెట్టె మోయడానికి నన్నూ లోపలికి రమ్మన్నాడు.

పెద్దాయన ఆకుపచ్చ గుడ్డ మీద ఆరు పిస్తోళ్ళు పరిచాడు. బాబాను ఒకటే అడిగాడు. "ఇంటికా, అల్మారాకా? ముందు అది తేల్చుకో. ఇల్లు కాపాడేది అందంగా ఉండనక్కర్లేదు. చేతిలో ఇమడాలి, నమ్మకంగా పనిచేయాలి. దాన్ని పెట్టే చోటికి గట్టి తాళం ముందు కొను, పిస్తోలు తర్వాత కొను."

"అల్మారాకైతే?" అన్నాడు బాబా.

"అల్మారాకైతే చేసినవాడు వదిలిన పైపూత అట్లాగే ఉందా లేదా, అంతే చూడు. గీతలు పడ్డా ఫరవాలేదు. ఎవడో మెరుగు పెట్టాడంటే మాత్రం ఆ వస్తువు చచ్చినట్టే."

బాబా రెండింటి మధ్య ఊగాడు. ఒకటి నల్లది, కొత్తది, మొద్దుగా ఉంది. ఇంకొకటి బెల్జియంలో చేసింది, తొంభై ఏళ్ల నాటిది. పిడికి రెండు వైపులా దంతం, పాత వెన్న రంగులో ఉంది. బాబా నా వైపు తిరిగి నవ్వుతూ "మద్దిలేటీ, కళ్ళు మూసుకుని పట్టుకో. ఏది బాగుంది?" అన్నాడు.

పట్టుకున్నాను. నల్లది సుత్తిలా ఉంది. రెండోది చేతిలోకి వచ్చి, ఇది నా చోటే అన్నట్టు కూర్చుంది. "ఇది బాబా" అన్నాను.

"నా డ్రైవర్ చేయి నా చేయి కంటే మంచిది" అన్నాడు బాబా, ఆ పెద్దాయనతో. దాన్నే కొన్నాడు.

ఇంటి రక్షణ కోసం పోయి అల్మారా కోసం కొనుక్కొచ్చాడు. మామా అడిగితే, ఇది ఇంటికే అన్నాడు. మాయ అంటే ఇదే. రాబోయే శుక్రవారం మనవాళ్లకు చెప్పే ప్రసంగంలో దీని మీద చెప్పాలి.

సెప్టెంబరు 12, శుక్రవారం

అన్వర్ బాషా గదికి మన వైపు పనివాళ్లు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. బాషాది రాయచోటి, పక్క విల్లాలో డ్రైవరు. మతం వేరైనా గది ఇస్తాడు, చాయ్ పెడతాడు, చివర్లో నన్ను ఏడిపిస్తాడు. పొత్తం తెరిచి రెండో అధ్యాయం చెప్పాను. కోరిక నుంచి కోపం, కోపం నుంచి మైకం, మైకం నుంచి బుద్ధి నాశనం. నేను ఐదో తరగతితో బడి మానేసినవాడిని. ఈ శ్లోకాలు బండిలో క్యాసెట్ పెట్టుకుని, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఒక్కో పాదం నేర్చుకున్నాను. అందుకే నా గొంతులో నిప్పు ఉంటుంది. చదువుకున్న పంతుళ్లకు అది ఉండదు.

అందరూ పోయాక బాషా గ్లాసులు కడుగుతూ అన్నాడు. "సామీ, ఆశ వదలండి, ఆశ వదలండి అని గంటసేపు చెప్తివి. నడుమ మూడు తూర్లు పిస్తోలు మాట వచ్చె."

"అది ఉదాహరణరా."

"ఉదాహరణకు పిడి ఏ రంగుదో గూడా చెప్పల్లనా?"

వాడికి నవ్వులాట.

సెప్టెంబరు 18

అల్మారా తాళంచెవి బాబా నాకు ఇచ్చాడు. కన్నకొడుకుకు ఇవ్వలేదు. తూటాలు ఎక్కడో ఆయన పడకగదిలో ఉంటాయి, వాటితో నాకు పని లేదు. నెలకోసారి పన్నెండింటికీ నూనె గుడ్డ పెట్టి తుడవాలి. తాళంచెవి నా గదిలో కొక్కేనికి తగిలించాను.

దంతపు పిడి కుడి వైపున వెంట్రుకంత చీలిక ఉంది. పాతదే. నేను చేసింది కాదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

సత్యం గురించి చెప్పాను. ఈ మధ్యకాలంలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. సెలవు దొరకని ఆడవాళ్ల కోసం ఫోన్‌లో రికార్డు చేసి పంపుతాను. వంటింట్లో మద్దమ్మ వంకాయలు తరుగుతూ వింటోంది. లక్కిరెడ్డిపల్లె మనిషి, ఈ ఇంటికి వచ్చి మూడేళ్లు. నా గొంతు నాకే గోడ అవతల నుంచి వినబడింది. "నిజం చెప్పడానికి ముహూర్తం లేదు. రేపు చెప్తానన్నవాడు ఎన్నటికీ చెప్పడు."

నేను లోపలికి పోతే ఆపేసి, "అన్నా, ఈ మాట రెండు తూర్లు పెట్టుకొని వింటి" అంది. "మా ఆయనకు గూడా పంపిస్తి. ఆయనకు బాగా పనికొస్తాది."

నవ్వుకున్నాం.

అక్టోబరు 1, బుధవారం. మహర్నవమి

ఆయుధపూజ. పని చేసి పెట్టే దానికి ఒక రోజు మొక్కడం మన ధర్మం. వంటింట్లో మద్దమ్మ దగ్గర పసుపు అడిగి తీసుకున్నాను. గిన్నెలో తడిపి ఇచ్చింది. ఊరి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లాల్లో ఒకటి ఆమెకిచ్చాను, కళ్లకద్దుకుంది. బండి కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. ఏటా చేసేదే. బాబా కిటికీలోంచి చూసి చెయ్యి ఊపాడు.

తర్వాత గిన్నెలో పసుపు మిగిలింది.

ఆయుధపూజ నాడు ఆయుధానికి బొట్టు లేకపోవడం అపచారం. బండి ఆయుధం అయినప్పుడు, నిజమైన ఆయుధం కాకుండా పోతుందా? నేను ఎంచి తెచ్చింది. అల్మారా తీసి, దంతపు పిడికి పసుపు పూసి, దాని మీద కుంకుమ పెట్టాను. గంటాగి తుడిచేద్దామనుకున్నాను. దండం పెట్టాను. ఈ దేశంలో పధ్నాలుగేళ్లలో ఏ మొక్కులోనూ రాని కన్నీళ్లు వచ్చాయి.

మామా కేకేసింది. యల్లా, పద, సబా అల్ సలేంలో వాళ్ల అక్క ఇంటికి. అద్దాల తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి కొక్కేనికి తగిలించి పరుగెత్తాను. అక్కడ అక్కాచెల్లెళ్ల ఏడుపులు, కాఫీలు, భోజనాలు. తిరిగొచ్చేసరికి నాలుగున్నర.

అదే రోజు, సాయంత్రం

పసుపు పోలేదు. తడిగుడ్డతో పోలేదు. సబ్బుతో పోలేదు. దంతం పసుపును తాగేసింది.

చీర మీద పసుపు మరక పడితే మా అమ్మ నిమ్మకాయ రుద్ది ఎండలో ఆరేసేది. బండి కింద నలగని నిమ్మకాయ ఒకటి మిగిలింది. ఉప్పు అద్ది రుద్దాను. పసుపు కొంచెం పలచబడింది. దానితోపాటు ఆ పాత వెన్న రంగు మెరుపు కూడా పోయింది. చలికి పగిలిన పెదవిలా అయింది. రసం కారి ఇనుము మీద పడిన చోట గోధుమ రంగు చుక్క లేచింది.

మరక ఉన్న వైపు కిందికి పెట్టి అల్మారా మూశాను. కనబడదు.

అక్టోబరు 2. విజయదశమి

కనబడదు.

అక్టోబరు 3, శుక్రవారం

గొంతు బాగాలేదని బాషాతో చెప్పాను. ఈ వారం ప్రసంగం లేదు.

అక్టోబరు 6, సోమవారం

దివానియాకు బాబా స్నేహితులు వచ్చారు. నేనే కాఫీ పోస్తున్నాను. బాబా తన దగ్గరున్న రెండో తాళంచెవితో అల్మారా తెరిచి, "నా డ్రైవర్ ఎంచినది చూడండి" అని దాన్ని తీశాడు. తిప్పాడు. ఆయన బొటనవేలు ఆ గరుకు మీద ఒకసారి, రెండుసార్లు కదిలింది. చనిపోయినవాళ్ల కళ్లు మూసేటప్పుడు అట్లాగే చేస్తారు.

స్నేహితులు లేచి వెళ్లాక ఇల్లంతా లేచింది. మామా దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పసుపు, ఎరుపు, నిమ్మరసం వాసన. "సిహ్ర్" అంది. చేతబడి. "మన ఇంటి మీద ఎవరో చేశారు. పసుపు ఎవరి చేతికి ఉంటుంది ఈ ఇంట్లో?"

మద్దమ్మ చేతులకు ఉంటుంది. మూడేళ్లుగా వాళ్ల కూరలు వండిన చేతులవి.

ఆమె పెట్టె తీసి కుమ్మరించారు. బట్టల మడతలో కుంకుమ పొట్లం దొరికింది.

"మామా, వల్లా, ఒట్టు, నాకేం దెల్దు మామా" అని ఆమె సగం అరబ్బీలో, సగం మన మాటలో మొత్తుకుంది. తర్వాత నా వైపు చూసింది. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా. పొట్లం నువ్వే కదా ఇస్తివి."

"ఉండు మద్దమ్మా, నేను మాట్లాడతా" అన్నాను.

నీ తాళంచెవి ఎక్కడుంటుందని బాబా నన్ను అడిగాడు. "నా గదిలో కొక్కేనికి బాబా. మొన్న మామాతో పోయేటప్పుడు కూడా అక్కడే తగిలించి పోయాను." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. "అయితే అది తీసుకుంది" అంది మామా. నేను అనలేదు. మామా అంది.

మద్దమ్మ ఫోన్ లాక్కుని, ఆమెను పైన బట్టలుతికే గది పక్క గదిలో పెట్టి గడియ వేశారు.

అక్టోబరు 7

నేను ఏమీ అనలేదు. అనకపోవడం అబద్ధం కాదు. మౌనం తపస్సని పొత్తంలోనే ఉంది.

నేను పోతే ఆ ముప్పై ఎనిమిది మందికి ఎవరు చెప్తారు? పొద్దుటి నుంచి రాత్రి దాకా కుక్కలా తిట్లు తిని, శుక్రవారం ఒక్క గంట మనుషులవుతారు వాళ్లు. ఒక మనిషి కోసం ముప్పై ఎనిమిది మందిని వదిలేయడం ధర్మమా? ఆలోచించాలి. తొందరపడకూడదు.

అక్టోబరు 8, బుధవారం

బాబా నన్ను దివానియాకు పిలిచాడు. తలుపు వేశాడు. చేతిలో మద్దమ్మ ఫోన్.

"ఇందులో ఒక మగవాడి మాటలున్నాయి. ఆమె మాటిమాటికీ వినేదట. మంత్రాలని నా భార్య అంటోంది. విని చెప్పు, ఏమిటో."

నొక్కాడు. నా గొంతు గదిలో నిండింది. ఇంత గట్టిగా అరుస్తానా నేను?

"నీ గొంతే కదా?"

"అవును బాబా."

"ఏం చెప్తున్నావు? అరబ్బీలో చెప్పు."

చెప్పాను. ఒక్కో ముక్క ఆపి ఆపి చెప్పించుకున్నాడు. నిజం చెప్పడానికి ముహూర్తం లేదు, అంటున్నాను బాబా. రేపు చెప్తానన్నవాడు ఎన్నటికీ చెప్పడు, అంటున్నాను. నిజం దాచినవాడి ప్రార్థన పైకప్పు దాటదు, అంటున్నాను.

బాబా ఫోన్ బల్ల మీద పెట్టాడు. అల్మారాలో దాని చోటు ఖాళీగా ఉంది. గుడ్డలో చుట్టి కింద పెట్టినట్టున్నాడు.

"మద్దిలేటీ, ఏటా బండికి ఒక గుర్తు పెడతావు కదా. పసుపు, ఎరుపు."

"అవును బాబా."

"బండికేనా?"

ఆయన గొంతులో కోపం లేదు. తలుపు తెరిచి పట్టుకున్న మనిషి గొంతు అది. లోపలికి రమ్మంటున్నాడు. ఒక్క అడుగు.

"బండికే బాబా" అన్నాను.

ఖలాస్ అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను బయటికి వచ్చి బండి తుడిచాను. శుభ్రంగానే ఉంది. అయినా తుడిచాను.

అక్టోబరు 9

తిండి పోలేదు. ఎండ ఎక్కువ.

అక్టోబరు 10, శుక్రవారం

మళ్లీ గొంతు బాగాలేదన్నాను. బాషా గోడ దగ్గరికి వచ్చి పిలిచాడు.

"గొంతు బాగలేదా, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా సామీ?"

"నీకు ఎగతాళిగా ఉంది."

"ఎగతాళి కాదబ్బా. మా ఇంట్లో గూడా అదే మాట. మీ ఇంటి పనిమనిషి పిస్తోలుకు చేతబడి చేసిందంట. నాకు ఒకటి అర్థం గాలేదు. నవమి నాడు ఈ వీధిలో బండికి బొట్టు పెట్టింది ఎవరు? గిన్నె పట్టుకొని దివానియాలోకి పోయింది ఎవరు? నేను బండి కడుగుతా ఈడనే ఉండా కదా."

నేను గోడ మీది సున్నం గోటితో గీకాను.

"పోయి చెప్పు సామీ. నీకు పొత్తం ఉండాది, అరబ్బీ ఉండాది, పధ్నాలుగేండ్ల మంచి పేరు ఉండాది. ఆయమ్మకు ఏముండాది?"

"నన్ను పంపిచ్చేస్తారు బాషా. కేసు పెడితే జైలు."

"ఆయమ్మకు మాత్రం ఏమన్నా పూలదండ ఏస్తారా?"

"మరి నువ్వే చెప్పకూడదా మా బాబాకు?"

"చెప్తా. ఎందుకు చెప్పను. కానీ నేను చెప్తే నువ్వు దొంగవి అయితావు. నువ్వు చెప్తే తప్పు చేసిన మనిషివి అయితావు. రెంటికీ చానా దూరం ఉండాది. ఆదివారం దాకా సూస్తా."

ఒక తురకవాడు నాకు ధర్మం చెప్పాడు అని రాసుకున్నాను. కొట్టేశాను. నా స్నేహితుడు చెప్పాడు.

అక్టోబరు 11, శనివారం

పొద్దున బాబా అన్నాడు. "రేపు పదింటికి ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. నా తమ్ముడు వస్తాడు, వెంట ఉంటాడు. బండి నువ్వు తియ్యి."

బండి నేను తియ్యాలి.

మధ్యాహ్నం వాళ్లంతా పడుకున్నాక పైకి నీళ్ల సీసా తీసుకుపోయాను. తలుపు కింద సందులోంచి లోపలికి తోశాను.

"అన్నా, నువ్వేనా?"

"నేనే."

"రేపేనంట కదా."

"మద్దమ్మా, నేను మాట్లాడతా..."

"ఎవరితో మాట్లాడతావన్నా? ఆ పొద్దు పసుపు తడిపి ఇచ్చింది నేనే కదా. నాకు తెల్దా?"

కూర్చున్నాను. తలుపుకు అటు ఆమె, ఇటు నేను.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతారా? నువ్వు సామివి. నేను వంటమనిషిని. సామి మింద చాడీ చెప్పిందని ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి." సీసా మూత తిప్పిన చప్పుడు అయింది. "అదీ కాదులేన్నా. నువ్వు చెప్తావనుకుంటి. ముహూర్తం లేదని నువ్వే కదా అంటివి. సోమవారం సూస్తి. మంగళవారం సూస్తి. తలుపు దగ్గర చెప్పుల చప్పుడు అయితే నువ్వు చెప్పేసింటావు, తలుపు తీస్తాండారు అనుకుంటి."

"భయమేసింది మద్దమ్మా."

"నాకు ఎయ్యలేదా?"

ఏడవలేదు. నీళ్లు తాగిన చప్పుడు వినబడింది. ఖాళీ సీసాను మళ్లీ తలుపు కింద నుంచి బయటికి తోసింది. "తీసకపో. నువ్వొచ్చినట్టు తెలిస్తే నిన్ను గూడా అంటారు."

ఈ మాట రాయడానికి నాకు రెండు గంటలు పట్టింది.

అక్టోబరు 12, ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర

బండి కడిగి పెట్టాను. టైర్ల మీద పసుపు గీతలు ఇంకా పోలేదు. ఇన్ని రోజులూ ఇంట్లో ప్రతి మనిషీ వాటిని చూస్తూనే ఉన్నారు. మామా వాటి పక్క నుంచే ఎక్కింది, దిగింది. బాబా చూశాడు. ఎవరికీ కనబడలేదు. కనబడకూడదనుకుంటే ఏదీ కనబడదు. పనిమనిషి పోతే నెలలో ఇంకొకరు వస్తారు. పధ్నాలుగేళ్ల డ్రైవర్ పోతే తిప్పలు. దుర్మార్గులు వాళ్లేనని రాద్దామని పేజీ తెరిచాను. చెయ్యి ఒప్పుకోలేదు. వాళ్లు అడిగారు. నేను చెప్పలేదు. బాబా తలుపు తీసి పట్టుకుని అడిగాడు కూడా.

ఇంటిని కాపాడడానికి కొన్న పిస్తోలు ఒక్క తూటా లేకుండా, ఈ ఇంట్లో ఎవరూ కాపాడని మనిషి మీదికి తిరిగింది. దాన్ని తిప్పింది నేను.

షర్క్ పెద్దాయన అన్నది ఇప్పుడు అర్థమవుతోంది. గీతలు పడ్డా ఫరవాలేదు. మెరుగు పెట్టావా, చచ్చినట్టే. పసుపు మరక నా తప్పు. చెప్పి ఉంటే అది గీత. నిమ్మకాయతో రుద్దాను. కొక్కెం మాటతో రుద్దాను. మౌనం తపస్సని రుద్దాను. ముప్పై ఎనిమిది మంది పేరు చెప్పి రుద్దాను. బండికే బాబా అని రుద్దాను.

పొత్తం ఎదురుగా ఉంది. ఈ రోజు తెరవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. విల్లు జారవిడిచి రథంలో కూలబడినవాడితో ఆయన చెప్పిన మాట, పిరికితనం వదిలి లేవమని, ముప్పై ఎనిమిది మందికి వంద సార్లు చెప్పాను. నాకు ఒక్కసారీ చెప్పుకోలేదు.

తొమ్మిది కావస్తోంది. పైన గడియ చప్పుడు అయింది. ఆమెను మొహం కడుక్కోమంటున్నారు. దివానియాలో బాబా దగ్గు వినబడుతోంది, ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు ఇంకా రాలేదు.

మద్దిలేటీ, ఇంక రాయకు. పెన్ను పెట్టెయ్. బండి తాళం వద్దు, అల్మారా తాళం తీసుకో, పోయి ఆయన చేతిలో పెట్టు. చేతులు చూపించు. అరబ్బీలో నాలుగు మాటలే. పసుపు నేను పూశాను. పది దాకా ఆగకు, ఆయన కాఫీ తాగే దాకా ఆగకు. లే. ఆమె మెట్లు దిగకముందే, ఇప్పుడే, పోయి ఆ తలుపు తట్టు.